బడిపంతులు గిడుగు రామమూర్తి గారు

మన డయోసీసు నూరేండ్ల పండుగకు వెలువడుతున్న ఈ సంచికలో గుడులు కట్టినవారిని గూర్చి, ఊరూరా తిరిగిన సువార్తికులను గూర్చి, ఆస్పత్రులలో సేవ చేసినవారిని గూర్చి మన సంఘస్థులు వ్రాస్తున్నారు. నేను ఒక బడిపంతులు గారిని గూర్చి వ్రాస్తున్నాను. ఆయన మన సంఘస్థులు కారు, క్రైస్తవులు కారు. అయినప్పటికీ ఆయన జీవితం ఈ సంచికలో ఉండదగినదని నా నమ్మకం. చాలా గ్రామాలలో మన సంఘ చరిత్ర బడితోనే మొదలైనది. దినదినం బడి, ఆదివారం ఆరాధన, రెండూ ఒకే తాటాకు పాకలో జరిగిన ఊళ్ళు మన పెద్దలకు ఎన్నో తెలుసు. ఒకే పంతులు గారు అన్ని తరగతుల పిల్లలనూ ఒకే చోట కూర్చుండబెట్టి, ఒక వరుసకు ఎక్కాలు, ఇంకొక వరుసకు వాచకం చెప్పేవారు. అటువంటి చిన్న బడిలో ఒక పిల్లవాడు ఎందుకు నిలబడతాడు, ఇంకొకడు ఎందుకు మధ్యలో మానివేస్తాడు? ఈ ప్రశ్నను జీవితమంతా విడువక పట్టుకొన్నవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు.

ఆయన పేరు చెప్పగానే వ్యావహారిక భాష కొరకు పోరాడిన పండితులని అందరూ అంటారు. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని మన రాష్ట్రంలో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. అయితే ఆ పోరాటానికి మూలం బడిలో ఉన్నదని, అందులోనూ కొండ మీది సవర పిల్లల బడిలో ఉన్నదని చాలామందికి గుర్తుండదు. ఆయన కుటుంబానికి మన చోడవరంతో ఒక దుఃఖకరమైన సంబంధం కూడా ఉన్నది. ఆ సంగతులన్నీ క్రమంగా చెబుతాను.

బాల్యం, వీధి బడి

రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర, వంశధార నది ఒడ్డున ఉన్న పర్వతాలపేట అనే చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజు గారు అక్కడి ఠాణాలో సముద్దారు అనే రెవిన్యూ ఉద్యోగం చేసేవారు. తల్లి వెంకమ్మ గారు. పిల్లవాని మొదటి చదువు ఆ ఊరిలోనే సాగినది.

ఆ కాలంలో పల్లెటూరి చదువు అంటే వీధి బడి చదువే. ఎవరి ఇంటి అరుగు మీదనో, చెట్టు క్రిందనో పిల్లలు కూర్చుండేవారు. ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవారు. చేయి కుదిరిన తరువాత తాటాకు మీద గంటంతో వ్రాసేవారు. తెల్లవారుజామునే లేచి ఎక్కాలు, శతక పద్యాలు, అమరం వల్లించేవారు. పంతులు గారికి నెల జీతం ఉండేది కాదు. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే ధాన్యం, పండుగ మామూళ్ళు, దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి వెళ్ళినప్పుడు వచ్చే కానుకలు, వీటితోనే ఆయన సంసారం నడవవలసి వచ్చేది. పాఠం రాని పిల్లవానికి గుంజీళ్ళు, గోడకుర్చీ, కోదండం వంటి శిక్షలు తప్పేవి కావు.

ఈ చదువులో మంచి లేకపోలేదు. జ్ఞాపకశక్తి పెరిగేది, వ్రాత కుదురుగా వచ్చేది, నోటి లెక్కలు ముసలితనం వరకు మరపునకు వచ్చేవి కావు. అయితే రెండు పెద్ద కొరతలు ఉండేవి. ఒకటి, పిల్లవాడు వల్లించిన దానికి అర్థం ఎప్పుడో పెద్దవాడైన తరువాత తెలియవలసినదే గాని, ఆ బడిలో తెలిసేది కాదు. రెండవది, ఆ అరుగు మీద కూర్చుండే అర్హత కొన్ని కులాల పిల్లలకే ఉండేది. మాల, మాదిగ, రెల్లి పిల్లలు దాని దరిదాపులకు పోలేకపోయేవారు. కొండజాతుల పిల్లల సంగతి తలచుకొన్నవారే లేరు.

ఇంతలో వీర్రాజు గారికి మన చోడవరానికి బదిలీ అయినది. ఇక్కడ ఆయనకు విషజ్వరం తగిలి 1875లో మరణించారు. కుమారునికి అప్పటికి పండ్రెండేండ్లు నిండుతున్నవి. జ్వరానికి మందు అందని ఆ దినాలలో ఇటువంటి మరణాలు ఎన్నో కుటుంబాలను చెదరగొట్టినవి. చదువుకొనే పిల్లవానికి తండ్రి పోతే సాధారణంగా చదువు కూడా పోయేది. రామమూర్తి గారికి ఆ దుర్గతి తప్పినది. మేనమామ గారి ఆశ్రయం దొరికినది. విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చదువు సాగినది. అక్కడ ఆయన తోటి విద్యార్థి గురజాడ అప్పారావు గారు. గురజాడ వారు కూడా మన ప్రాంతపు వారే, ఎలమంచిలి వైపున ఉన్న రాయవరంలో పుట్టినవారు. ఈ ఇద్దరు స్నేహితులు ముప్పై ఏండ్ల తరువాత తెలుగు చదువుల త్రోవను మార్చబోతున్నారని ఆనాడు ఎవరికీ తెలియదు.

ముప్పై రూపాయల పంతులు

రామమూర్తి గారు 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసైనారు. 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరారు. ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పుట ఆయన పని. వయస్సు పదిహేడు. కాలేజీకి వెళ్ళి చదివే వీలు లేనందున, పగలు పిల్లలకు పాఠాలు చెబుతూనే ఇంటి వద్ద తాను చదువుకొన్నారు. 1886లో ఎఫ్.ఏ. పరీక్ష ఇచ్చి గెలిచారు. తరువాత బి.ఏ. కూడా ప్రైవేటుగానే పూర్తి చేశారు. రాజా వారి పాఠశాల కాలేజీ అయినప్పుడు పై తరగతులకు పాఠం చెప్పే యోగ్యత ఆయనకు ఆ విధంగా లభించినది.

చరిత్ర చెప్పే పంతులు గారు పుస్తకంలోని చరిత్రతో తృప్తిపడలేదు. శ్రీముఖలింగం దేవాలయాల రాళ్ళ మీద ఉన్న శాసనాలను, ఆ పాత లిపిని స్వయంగా నేర్చుకొని చదివారు. వాటిని గూర్చి ఇంగ్లీషులో వ్యాసాలు వ్రాశారు. ఎవరో చెప్పినది అప్పగించుట కాక, కంటితో చూచి, చెవితో విని, విచారించి తెలుసుకొనుట ఆయన స్వభావం. ఈ స్వభావమే ఆయనను సవరల వద్దకు తీసుకొని పోయినది.

కొండ మీది భాష

పర్లాకిమిడి చుట్టునూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. పోడు వ్యవసాయం, కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన పొలాలు వారి జీవనం. అడవి సరుకులు తెచ్చి సంతలో అమ్ముకొని ఉప్పు, గుడ్డ కొనుక్కొని పోయేవారు. వారి భాష తెలుగు కాదు, ఒరియా కాదు. ముండా భాషల కుటుంబానికి చెందినది. కచేరీలో మాట్లాడాలన్నా, షావుకారుతో లెక్క చూచుకోవాలన్నా నడిమి మనిషి కావలసినదే. ఆ నడిమి మనిషి చెప్పినదే వారికి న్యాయం. చదువు రాని కారణం చేత అప్పు పత్రం మీద ఏమి వ్రాసి ఉన్నదో తెలియక వ్రేలిముద్ర వేయవలసిన స్థితి.

ఈ జనానికి చదువు చెప్పాలని రామమూర్తి గారు తలచారు. ఇక్కడ ఆయన ఎంచుకొన్న క్రమాన్ని గమనించాలి. సవరలు తెలుగు నేర్చుకొని బడికి రావాలని ఆయన కోరలేదు. ముందు తానే సవర భాష నేర్చుకొన్నారు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక సవర మనిషిని తన ఇంటిలోనే ఉంచుకొని, ఆయన వద్ద శిష్యునివలె కూర్చుండి మాటమాటా నేర్చుకొన్నారు. ఆ దినాలలో ఒక బ్రాహ్మణ గృహస్థు కొండ మనిషిని ఇంటిలో ఉంచుకొని విద్య నేర్చుకొనుట ఎంత సాహసమో మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ పనికి ఆయన శరీరం కూడా వెల చెల్లించినది. ముఖలింగంలో ఉన్న కొద్దిపాటి భూమిని చూచుకొనుటకు అడవి త్రోవన కాలినడకను పోవుచుండగా మలేరియా జ్వరం పట్టుకొన్నది. చాలా కాలం బాధపడ్డారు. దానికి వాడిన క్వినైను వలన క్రమంగా చెవుడు వచ్చినది. తండ్రిని చోడవరంలో తీసుకొనిపోయినది జ్వరమే, కుమారుని వినికిడిని తీసుకొనిపోయినది కూడా జ్వరమే. చెవితో విని భాషను పట్టుకొనే మనిషికి చెవుడు కంటె పెద్ద నష్టం ఏముంటుంది? అయినా ఆయన పని ఆగలేదు.

సవర బడులు

రామమూర్తి గారు సవర భాషలో వాచకాలు వ్రాశారు. సవర పిల్లల కొరకు బడులు పెట్టారు. పంతుళ్ళ జీతాలు తన డబ్బుతో చెల్లించారు. ముప్పై రూపాయలతో మొదలైన ఉద్యోగి, సంసారం ఉన్న మనిషి, ఇతరుల పిల్లల పంతుళ్ళకు జీతాలిచ్చుట సామాన్యమైన సంగతి కాదు.

ఆ బడులలో ఏమి తేడా ఉన్నదో ఒక చిన్న ఉదాహరణతో చెబుతాను. సవర పిల్లవాడు ఇంటి వద్ద లెక్కించే పద్ధతి మన పద్ధతి వంటిది కాదు. మనకు పది దాటగానే పదకొండు, పండ్రెండు అని పదితో కలిపిన మాటలు వస్తాయి. సవరలో పండ్రెండు వరకు పోయి, అక్కడి నుండి పండ్రెండూ ఒకటి, పండ్రెండూ రెండు అని పంతొమ్మిది వరకు లెక్కిస్తారు. ఆ తరువాత ఇరవైలతో లెక్క. ముప్పై తొమ్మిది అనవలసి వచ్చినప్పుడు ఇరవై, పండ్రెండు, ఏడు కలిపి చెబుతారు. ఇది తప్పు లెక్క కాదు, చక్కని లెక్క. అయితే ఈ పిల్లవానిని తెలుగు బడిలో కూర్చుండబెట్టి పదమూడు అంటే ఎంత అని అడిగితే, వానికి ఒకేసారి రెండు బరువులు నెత్తిన పడతాయి. లెక్క నేర్చుకోవాలి, ఆ లెక్క చెప్పే పరాయి భాషనూ నేర్చుకోవాలి. వాడు నోరు మూసుకొని కూర్చుంటాడు. పంతులు గారు వానికి బుద్ధి లేదంటారు. నాలుగు దినాల తరువాత వాడు మేకలను తోలుకొని అడవికి పోతాడు. కొండజాతి పిల్లలకు చదువు అబ్బదని ఊరివారు తీర్పు చెబుతారు.

ఆ భాషలో ఇంకొక చిక్కు ఉన్నది. గొంతులోనే ఆగిపోయే కొన్ని ధ్వనులు సవరలో ఉన్నవి. వాటిని వ్రాయుటకు మన అక్షరాలు చాలవు. వినేవాడు శ్రద్ధగా వినకపోతే ఒక మాట ఇంకొక మాటగా తోస్తుంది. అందువలన రామమూర్తి గారు అప్పుడప్పుడే బయటికి వస్తున్న భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని చదివి, ధ్వనులను గుర్తులతో వ్రాసే పద్ధతిని నేర్చుకొన్నారు. కోశాలు కూర్చారు. మన దేశంలో ముండా భాషను శాస్త్రీయంగా పరిశీలించిన తొలివారిలో ఆయన ఒకరని పండితులు అంగీకరించారు. ఈ సేవకు మెచ్చి ప్రభుత్వం 1913లో రావు బహదూర్ బిరుదు ఇచ్చినది. 1931లో సవర భాషా వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయినవి. ఈ పెద్ద గ్రంథాలన్నిటికీ మొదలు ఒక చిన్న బడిలో సవర పిల్లవాని చేతికి ఇవ్వవలసిన చిన్న వాచకమే.

తెలుగు పిల్లవాని కష్టం

రామమూర్తి గారు ఇంత కాలం సవర పిల్లవాని కష్టాన్ని చూచారు. తెలుగు పిల్లవానికి కూడా అదే కష్టం ఉన్నదని బయటపడుటకు ఒక దొర గారి ప్రశ్న కారణమైనది. 1906-07 ప్రాంతంలో యేట్స్ దొర గారు ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. బడులను తనిఖీ చేస్తూ ఉండగా ఒక విషయం ఆయనకు అర్థం కాలేదు. తెలుగు పిల్లలకు తెలుగు పాఠం చెప్పేటప్పుడు పంతులు గారు ఒక్కొక్క మాట చదివి దానికి మరల తెలుగులోనే అర్థం ఎందుకు చెబుతున్నారు? పుస్తకంలోని తెలుగుకూ నోటిలోని తెలుగుకూ ఇంత దూరం ఎందుకు? విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఆయన ఈ సంగతి అడిగారు. అయ్యంగారు గురజాడ, గిడుగు వారల పేర్లు చెప్పారు. ఆ విధంగా నలుగురూ కలిశారు.

ఆ కాలపు వాచకాలలో గుర్రం ఉండేది కాదు, అశ్వం ఉండేది. పిల్లవాడు గుర్రాన్ని ఎరుగును. ఊరిలో చూచినాడు. బడికి వచ్చి ఆ గుర్రానికే ఇంకొక పేరు బట్టీ పట్టవలసి వచ్చేది. తరువాత ఆ పేరుకు అర్థం గుర్రం అని మరల బట్టీ పట్టవలసి వచ్చేది. పాఠమంతా మాటలకు అర్థాలు చెప్పుటతోనే సరిపోయేది. భూగోళం, లెక్కలు, ఆరోగ్యం, వ్యవసాయం, ఇవన్నీ ఆ భాషలోనే వ్రాసినందున, విషయం పిల్లవానికి చేరేది కాదు. ఇంటిలో పుస్తకాలు ఉన్న పండితుని కుమారుడు ఎలాగో నెగ్గేవాడు. కూలివాని కుమారుడు, ఇంటిలో మొట్టమొదట పలక పట్టిన పిల్లవాడు వెనుకబడేవాడు. చదువు అందరికీ తలుపు తెరచినట్లే కనబడేది గాని, గడప మాత్రం అంత ఎత్తున ఉండేది.

రామమూర్తి గారి వాదం తేలికైనది. కవులు కావ్యాలను ఏ భాషలోనైనా వ్రాసుకొనవచ్చును. పాతకావ్యాలను భక్తితో చదువవలసినదే. అయితే బడిలో పిల్లవానికి లోకజ్ఞానం చెప్పేది, వాని చేత వ్రాయించేది మాత్రం ఈనాటి శిష్టులు మాట్లాడే భాషలో ఉండాలి. ఆయన ప్రాచీన గ్రంథాలను తృణీకరించి ఈ మాట అన్నవారు కారు. ఆ గ్రంథాలను ఎదుటివారికంటె ఎక్కువగా చదివి, వాటిలోని ప్రయోగాలనే సాక్ష్యంగా చూపి మాట్లాడారు. 1911లో ముప్పై ఏండ్ల ఉద్యోగం ముగించుకొని, మిగిలిన జీవితాన్ని ఈ పనికే ఇచ్చివేశారు.

దారి సుఖంగా సాగలేదు. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని ఉత్తరువు వచ్చినది. జయంతి రామయ్య పంతులు గారు మొదలైన పెద్దలు గట్టిగా ఎదిరించారు. వారు కూడా తెలుగు మీది ప్రేమతోనే ఎదిరించారని మనం ఒప్పుకోవాలి. భాష చెడిపోతుందని వారి భయం. కొద్ది కాలానికే ఆ ఉత్తరువు వెనుకకు పోయినది. 1915లో గురజాడ వారు కాలం చేశారు. రామమూర్తి గారు వెనుదీయలేదు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులు, రామమూర్తి గారు కార్యదర్శి. ఆ ఏడే వీరేశలింగం గారు కూడా మరణించారు. రామమూర్తి గారు తెలుగు అనే పత్రికను నడిపారు. ఊరూరా సభలలో మాట్లాడారు. 1925లో తణుకులో జరిగిన సాహిత్య సభలో నాలుగు గంటలు ప్రసంగించి పండితుల మనస్సులను మార్చారని చెప్పుకొంటారు. చెవుడు వచ్చిన మనిషి, అరవై దాటిన మనిషి, తన కొరకు ఏమీ అడుగక, పిల్లల పుస్తకాల కొరకు నాలుగు గంటలు నిలబడి మాట్లాడారు.

చివరి దినాలు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరినది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఊరిని ఆ విధంగా కలుపుటను రామమూర్తి గారు అంగీకరింపలేదు. అర్ధశతాబ్దానికి మించి నివసించిన ఊరిని, తన సవర శిష్యుల కొండలను విడిచి రాజమహేంద్రవరానికి తరలిపోయారు. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారి కళాప్రపూర్ణ బిరుదు ఆయనకు లభించినవి. 1940 జనవరి 22న, డెబ్బది ఆరేండ్ల వయస్సున ఆయన కన్ను మూశారు.

పాఠ్యపుస్తకాలు ఆయన కోరిన భాషలోనికి మారుట ఆయన కండ్లతో చూడలేదు. ఆ మార్పు 1960ల చివరి భాగంలోను, 1970లలోను స్థిరపడినది. ఈనాడు ఒకటవ తరగతి పిల్లవాడు తెలుగు వాచకం తెరచి, అందులోని వాక్యాన్ని పంతులు గారి అర్థం లేకుండా చదువుకొని నవ్వుతున్నాడంటే, ఆ నవ్వు వెనుక ఈ బడిపంతులు గారి శ్రమ ఉన్నది. సవర బడుల తలంపు ఇంకా ఆలస్యంగా ఫలించినది. 2004 ప్రాంతంలో మన రాష్ట్ర ప్రభుత్వం సవరతో కూడ ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతుల బోధన మొదలుపెట్టినది. రామమూర్తి గారు తన జీతపు డబ్బుతో చేసిన పనిని ప్రభుత్వం చేపట్టుటకు సుమారు నూరేండ్లు పట్టినది.

మనకు దీనితో ఏమి పని

ప్రియ సంఘస్థులారా, ఈ జీవితాన్ని చదివి మెచ్చుకొని పుటను తిప్పివేయుటకు నేను దీనిని వ్రాయలేదు. మన సంఘానికి ఈ విషయంలో ఒక వారసత్వం, ఒక బాధ్యత రెండూ ఉన్నవి.

వారసత్వం ఏమనగా, 1805లో విశాఖపట్నానికి వచ్చిన లండన్ మిషన్ వారు, క్రాన్, దేగ్రాంజ్ అనే ఇద్దరు యువకులు, ముందు మన భాష నేర్చుకొనుటకు కూర్చున్నారు. ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టారు. ఇద్దరూ కొద్ది ఏండ్లలోనే, 1809లో ఒకరు, 1810లో ఒకరు, ఇక్కడే మరణించారు. వారి అనువాదం 1812లో శ్రీరాంపూరులో అచ్చయినది. పెంతెకొస్తు దినాన ప్రతివాడును తన తన భాషలో విన్నాడని మనం ఏటేటా ప్రసంగిస్తాము. వినేవాని భాషలోనికి చెప్పేవాడు దిగి రావాలనే ఈ నియమాన్నే రామమూర్తి గారు బడిలో ఆచరించి చూపారు.

బాధ్యత ఏమనగా, మన చోడవరం 2022 నుండి అనకాపల్లి జిల్లాలో ఉన్నది. ఇక్కడి నుండి మాడుగుల దాటి పాడేరు ఘాటు ఎక్కితే కొండ భాషలు వినబడతాయి. ఆ ఊళ్ళ నుండి చదువు కొరకు, కూలి కొరకు దిగి వచ్చిన కుటుంబాల పిల్లలు మన బడులలో ఉన్నారు. అంత దూరం పోనక్కరలేదు. మన చెరకు పొలాల కూలివారి పిల్లలు అక్కను అప్ప అంటారు, పిల్లలను గుంటలు అంటారు. ఆ మాట బడిలో అనగానే తోటి పిల్లలు నవ్వితే, పంతులమ్మ గారు విసుగుకొంటే, ఆ పిల్ల మరునాడు నోరు విప్పదు. నోరు విప్పని పిల్ల చదువులో వెనుకబడుటకు ఎక్కువ కాలం పట్టదు.

ఇప్పుడు దీని మీద ఇంగ్లీషు అనే కొత్త గడప వచ్చినది. తల్లిదండ్రులు ఇంగ్లీషు చదువు కోరుటలో తప్పు లేదు. తరతరాలుగా తలుపు మూసి ఉంచబడినవారు ఆ తాళంచెవిని కోరకుండా ఎట్లుంటారు? రామమూర్తి గారు ఇంగ్లీషుకు విరోధి కారు. ఇంగ్లీషు బడిలో చదివారు, సవర వ్యాకరణాన్ని ఇంగ్లీషులోనే వ్రాశారు. ఆయన జీవితం చెప్పే పాఠం క్రమానికి సంబంధించినది. పిల్లవానికి తెలిసిన భాషలో చదువుట, ఆలోచించుట మొదట వస్తే, రెండవ భాష దాని మీద నిలబడుతుంది. పునాది లేకుండా పై అంతస్తు కడితే పిల్లవానికి రెండు భాషలూ రావు. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని చెబుతున్నది. 2020 నాటి జాతీయ విద్యా విధానం కనీసం అయిదవ తరగతి వరకు అట్లు ఉండుట మంచిదని చెప్పినది.

చట్టాలు ప్రభుత్వం చూచుకొనవలసినవి. మనం చేయగలిగినవి కొన్ని ఉన్నవి. సండే స్కూలులో కంఠతా వాక్యం అప్పగించిన పిల్లకు బహుమానం ఇస్తున్నాము, మంచిదే. ఆ వాక్యానికి అర్థం నీ మాటలలో చెప్పు అని అడిగి, తప్పో ఒప్పో చెప్పిన పిల్లకు కూడా బహుమానం ఇద్దాము. మన గుడి వరండాలలో సాయంకాలం చదువు చెప్పే యువతీ యువకులు ఇంగ్లీషు పాఠాన్ని ముందు ఇంటి తెలుగులో కథగా చెప్పి, తరువాత పుస్తకం తెరువవచ్చును. మన సంఘంలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. కొండ ప్రాంతానికి బదిలీ అయినవారు దానిని శిక్షగా తలచక, మొదటి ఏడు అక్కడి పిల్లల భాషలో నూరు మాటలు నేర్చుకొంటే, ఆ బడి వేరు బడి అవుతుంది. ఆ నూరు మాటలు నేర్పించేవారు కూడా దూరాన లేరు. తరగతిలో వెనుక వరుసలో కూర్చున్న పిల్లవాడే మొదటి గురువు.

రామమూర్తి గారు పెట్టిన సవర బడులు పెద్ద భవనాలలో నడిచినవి కావు. వాటిలో ఉన్నది పిల్లవానికి అర్థమయ్యే ఒక వాచకం, వాని మాటను గౌరవించే ఒక పంతులు. వచ్చే నూరేండ్లలో మన డయోసీసు ఎన్ని భవనాలు కట్టినా కట్టకపోయినా, ఈ రెండూ ప్రతి చిన్న బడిలో ఉండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక.